పేజీలోంచి ధర ఏరేవాళ్లు

నాలుగు హోటళ్ల అద్దెలు ఒకేచోట చూసి గది బుక్ చేసుకుంటాం. ఆ అంకెల్ని ఎవరు ఏరి తెచ్చారో అడగం. వెబ్ పేజీ తయారైంది మనిషి కంటి కోసం. అందులోంచి పేరు, ధర, తేదీ విడదీయాలంటే యంత్రానికి చుక్కలు కనిపిస్తాయి.

ఈ పనికి దిగినవాళ్లు తలో దారిన వచ్చారు. నికొలస్ కుష్మెరిక్‌ది కృత్రిమ మేధ రంగం. కావలసిన మాటకు ముందూ వెనకా ఏ గుర్తులుంటాయో ఉదాహరణలు చూసి యంత్రమే నేర్చుకునే పద్ధతిని 1997లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో తన పీహెచ్‌డీగా సమర్పించారు. ఇటలీకి చెందిన క్రెసెంజి, మెక్కా, మెరియాల్దో డేటాబేస్ మనుషులు. 2001 నాటి వాళ్ల రోడ్‌రన్నర్ అనే ప్రోగ్రామ్ ఒకే సైట్‌లోని రెండు పేజీల్ని ఎదురెదురుగా పెట్టి పోల్చేది. కలిసిందంతా చట్రం, తేడా వచ్చిందే సరుకు! ఉదాహరణ కూడా చూపక్కర్లేదు. నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది ఇదే.

వియన్నాకు చెందిన గేయార్గ్ గాట్లాబ్ తర్కంలో, డేటాబేస్ సిద్ధాంతంలో తలపండినవారు. అంతటి సిద్ధాంతకర్త లిక్స్‌టో అనే పనిముట్టు తయారీలో చెయ్యి పెట్టారు. తెరమీద ధరను మౌస్‌తో చూపిస్తే చాలు, వెనక తర్క నియమం సిద్ధమయ్యేది. ఆ చూపించే శ్రమ కూడా ఎందుకని తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో డయాడెమ్ ప్రాజెక్టు చేపట్టారు.