ఒరలోని సూర్యుడు: యూదుల వాఙ్మయమున దివ్యజ్యోతియు ఆత్మస్వస్థతయు

ఆదికాండము మొదటి అధ్యాయమును శ్రద్ధతో చదువువారికి ఒక చిక్కు ఎదురగును. వెలుగు మొదటి దినముననే కలిగినది. సూర్యచంద్రులు నాలుగవ దినమున గాని కలుగలేదు. సూర్యుడు లేని ఆ మూడు దినముల వెలుగు ఏది? అది పిదప ఏమైనది? యూదుల పండితు లీ ప్రశ్నను దాటవేయలేదు. రమారమి రెండువేల యేండ్లుగా వారు దీనికి చెప్పుచు వచ్చిన సమాధానములందే, దివ్యజ్యోతి ఆత్మకు స్వస్థత నిచ్చునను నమ్మకము యొక్క వేళ్ళు కానవచ్చును.

మనలో ఇట్టి విషయములను ముట్టువారు ఒక తొందర పడుట కలదు. ఏ మతగ్రంథమున వెలుగను మాట కనబడినను దానిని ఉపనిషత్తుల పరంజ్యోతితో కలిపివేసి, అన్నియు ఒక్కటే యని తృప్తిపడుదురు. ఆ తృప్తి సుఖమైనదే గాని దానివలన తెలిసినది తక్కువ. హీబ్రూ గ్రంథములలోని తొలి వెలుగు దైవము కాదు, దైవముచే చేయబడినది. యెషయా గ్రంథము 45వ అధ్యాయము వెలుగును, చీకటిని ఒకే సృష్టికర్తకు అప్పగించుచున్నది. చేయబడిన వస్తువునకు కొలత యుండును. యూదుల వాఙ్మయమున వెలుగు మాన్పుటకు కారణము అది వెలుగగుట మాత్రమే కాదు, కొలతలో నుండుట. కొలత తప్పిన వెలుగు కాల్చునని ఆ గ్రంథములు మాటిమాటికి చెప్పుచున్నవి.

బాబిలోనియా తల్మూదున హగీగా భాగము 12వ పత్రమున ఈ కథ కలదు. మొదటి దినపు వెలుగుతో మనుష్యుడు లోకపు ఈ చివరనుండి ఆ చివరకు చూడగలిగెడివాడట. జలప్రళయకాలపు జనులును, గోపురము కట్టిన జనులును చేయబోవు దుష్కార్యములను ముందే ఎరిగి, దేవుడు ఆ వెలుగును రాబోవు కాలపు నీతిమంతులకై దాచెను. దీనికే ఓర్ హగ్గానూజ్, అనగా దాచబడిన వెలుగని పేరు. మరియొక కథ ప్రకారము ఆ వెలుగు ఆదామునకు ముప్పదియారు గంటలు ప్రకాశించినది. విశ్రాంతిదినము ముగిసి చీకటి క్రమ్మగా అతడు భయపడెను. అప్పుడు దేవుడు రెండు చెకుముకి రాళ్ళను అతనికి దొరకజేసెను. అతడు వానిని కొట్టి నిప్పు పుట్టించెను. నేటికిని శనివారము సాయంకాలము యూదులు దీపము ముట్టించి, అగ్నిని గూర్చిన ఆశీర్వచనము చెప్పుట ఈ కథతో ముడిపడి యున్నది. పోయిన వెలుగు మరల రాలేదు. దానికి బదులుగా చేతికి రెండు రాళ్ళు వచ్చినవి.

ఇచట హీబ్రూ భాషలోని ఒక శబ్దసామ్యమును చెప్పక తప్పదు. ఓర్ అను పదమును ఆలెఫ్ అను అక్షరముతో వ్రాసిన వెలుగని అర్థము. అయిన్ అను అక్షరముతో వ్రాసిన చర్మమని అర్థము. దేవుడు ఆదామునకును అతని భార్యకును చర్మపు వస్త్రములు చేసెనని ఆదికాండము 3వ అధ్యాయము. రబ్బీ మేయీరు ప్రతిలో ఆ చోట ఆలెఫ్ ఉండెడిదనియు, అనగా అవి వెలుగు వస్త్రములనియు ఒక ప్రాచీన వ్యాఖ్యానము చెప్పుచున్నది. వ్రాయసకాని పొరపాటని దానిని త్రోసిపుచ్చవచ్చును. ఐనను ఆ పాఠమును కాపాడినవారు అందొక సత్యమును చూచిరి: మనుష్యుడు వెలుగును కోల్పోయి చర్మమును ధరించెను, గాయపడునది, రోగమునకు లోనగునది ఆ చర్మమే. తెలుగున ఈ రెండు మాటలకు ఏ చుట్టరికమును లేదు గనుక అనువాదమున ఈ భావము పూర్తిగా జారిపోవును.

నిర్గమకాండము 34వ అధ్యాయమున మోషే కొండ దిగి వచ్చునప్పుడు ప్రకాశించినది అతని ముఖచర్మము. అయిన్‌తో వ్రాయు ఓర్ అక్కడ వెలుగుచున్నది. జనులు దగ్గరకు రా వెరచిరి. అతడు ముసుగు వేసికొనెను. వెలుగునకు కొలత పెట్టిన మొదటి మానవ ప్రయత్నము ఆ ముసుగని చెప్పవచ్చును. (అచటి క్రియకు కిరణమనియు కొమ్మనియు అర్థము గల పదముతో సంబంధ ముండుటచే లాటిను అనువాదకుడు జెరోము మోషేకు కొమ్ములు పెట్టెను. రోములో మైఖెలాంజెలో చెక్కిన మోషే విగ్రహమునకు నేటికిని అవి యున్నవి.)

స్వస్థతయు వెలుగును తేటగా కలిసిన చోటు మలాకీ గ్రంథము. తెలుగు బైబిలున 4వ అధ్యాయము 2వ వచనము. హీబ్రూ మూలమున 3వ అధ్యాయము 20వ వచనము. నీతిసూర్యు డుదయించుటయు, అతని రెక్కలయందు ఆరోగ్య ముండుటయు తెలుగు పాఠకులు ఎరిగినవే. మూలమున ఆ సూర్యపదము స్త్రీలింగముగా నడచినది. తెలుగున సూర్యుడు పురుషుడు కాక తప్పదు గనుక అనువాదకుని నిందింపరాదు. రెక్క యనుటకు మూలమున నున్న మాట కనాఫ్. దానికి పక్షిరెక్క యనియు, వస్త్రపు అంచు అనియు రెండర్థములు. సంఖ్యాకాండము 15వ అధ్యాయమున కుచ్చులు కట్టుమని చెప్పబడినది ఆ అంచునకే. కావున మలాకీ సూర్యుని రెక్కయందలి స్వస్థత, తల్లి కొంగు చాటున బిడ్డకు దొరకు స్వస్థత వంటిదియు కావచ్చును. తెలుగులో రెక్కకు తలుపు రెక్క యను అర్థము కలదు గాని కొంగను అర్థము లేదు. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెమున తెలుగు మాటాడుచు యూదాచారములను పాటించు బెనె ఎఫ్రయీము వారు కలరు. వారిని గూర్చి యూలియా ఈగోరోవా, షాహిద్ పర్వేజ్ గార్ల గ్రంథము 2013లో వెలువడినది. కనుక ఈ పదచర్చ కేవలము పండితుల వినోదము కాదు. తెలుగున ఈ ప్రార్థనలు చేయువారికి ఏ మాట దొరకునన్నది నిజమైన ప్రశ్న.

రెక్కల సూర్యబింబము ఐగుప్తునుండి పారసీకము వరకు రాజచిహ్నముగా నుండెడిది. యెరూషలేములో 2009 త్రవ్వకములలో దొరకి 2015లో ప్రకటింపబడిన హిజ్కియా రాజు మట్టిముద్రపై రెండు రెక్కల సూర్యుడును, ఇరుప్రక్కల ఐగుప్తుల జీవచిహ్నమును ఉన్నవి. మరి సూర్యారాధనమును ద్వితీయోపదేశకాండము నిషేధించినది. దేవాలయమునకు వీపుత్రిప్పి తూర్పునకు మ్రొక్కిన వారిని యెహెజ్కేలు గర్హించెను. మలాకీ ఆ పరుల చిహ్నమును తీసికొని, దానినుండి దైవత్వమును వొలిచి, నీతి యను పదమునకు కట్టివేసెను. అదే కవి సామర్థ్యము. నెదారీము భాగము 8వ పత్రమున తల్మూదు పండితులు ఆ వచనమును ఇంకను ముందునకు నడపిరి. రాబోవు లోకమున నరక ముండదు. దేవుడు సూర్యుని ఒరలోనుండి తీయును. నీతిమంతులు దానిచే స్వస్థత నొందుదురు, దుష్టులు దానిచేతనే శిక్ష నొందుదురు. ఒర యనుటచే సూర్యుడు కత్తి యైనాడు. నేడు మనము చూచునది ఒరలోని సూర్యునే. మందును శిక్షయు ఒకటే వస్తువని చెప్పుటకు ఇంతకంటె పదునైన ఉపమానము దొరకుట కష్టము.

ఆరోగ్యమునకు సూర్యుని వేడుట మనకు క్రొత్త కాదు. అరసవల్లికి పోవువారు కోరునది అదే; కోణార్కమునకు సంబంధించిన సాంబుని కథయు అదే. యూదుల కథలలో దీనికి మిక్కిలి సమీపించునది బాబా బత్రా భాగము 16వ పత్రమున కలదు. అబ్రాహాము మెడలో ఒక మణి వ్రేలాడుచుండెడిది. దానిని చూచిన రోగి తత్‌క్షణమే స్వస్థు డగుచుండెను. అబ్రాహాము మరణించిన పిమ్మట దేవుడు దానిని సూర్యబింబమునకు తగిలించెను. భాగవతమెరిగిన తెలుగువారికి వెంటనే శ్యమంతకము తోచును. ఐతే త్రోవలు ఎదురెదురు. సూర్యుని కంఠమునందలి మణి సత్రాజిత్తు కంఠమునకు దిగినది. అబ్రాహాము కంఠమునందలి మణి సూర్యున కెక్కినది. ఒకచోట మనుష్యుడు సూర్యునివలన మహిమ పొందగా, మరియొకచోట సూర్యుడే ఒక మనుష్యుని యాస్తికి వారసు డగుచున్నాడు. ఈ భేదమును చూడక కథలు రెండును ఒకటే యనుట తులనాత్మక విమర్శ కాజాలదు.

ఇట్టి కథలు దేహవైద్యమునకు బదులుగా వాడబడు ప్రమాదమును యూదులే గుర్తించిరి. స్వయముగా వైద్యుడైన మైమోనిడీసు (1138-1204) తన ధర్మశాస్త్రమున, గాయముపై వేదవచనములు జపించువారిని తీవ్రముగా నిరసించెను. ఆత్మకు మందైన దానిని దేహమునకు మందుగా చేయుట ధర్మమును కాదనుటతో సమానమని అతని తీర్పు. హిజ్కియా వ్యాధికథలోనైనను నీడ పది మెట్లు వెనుకకు నడచుట గురుతు మాత్రమే; పుండునకు వేసినది అత్తిపండ్ల ముద్ద. రోగులకై యూదులు చేయు ప్రార్థనలో ముందు ఆత్మస్వస్థతను, పిదప దేహస్వస్థతను అడుగుదురు. వారి మాట షెలేమా, సంపూర్ణమైనది. మన స్వస్థత యనగా తనయందు తాను నిలుచుట. ఈ రెండు మాటలు రెండు దిక్కులనుండి బయలుదేరినను రోగి మంచము దగ్గర ఎదురుపడుచున్నవి.

ఈ భావములన్నియు ప్రాణము పోసికొన్న కథ షబ్బాతు భాగము 33వ పత్రమున నున్నది. రబ్బీ షిమోను బార్ యోహాయి రోమనుల అంగళ్ళను, స్నానశాలలను, వంతెనలను నిందించి మరణశిక్షకు గురియై, కుమారుడు ఎలియాజరుతో గుహలో దాగెను. ఒక చెట్టును ఒక నీటియూటయు వారికై వెలసినవి. బట్టలు చిరుగకుండ తీసివేసి, మెడవరకు ఇసుకలో కూర్చుండి పండ్రెండేండ్లు ధర్మాధ్యయనము చేసిరి. వెలుపలికి వచ్చునప్పటికి జనులు దున్నుచు విత్తుచు నుండిరి. శాశ్వతజీవమును విడిచి క్షణికజీవమున మునిగిరే యని వారు చూచిన చోటెల్ల కాలిపోయెను. లోకమును నాశము చేయ వచ్చితిరా, తిరిగి గుహకు పొండని ఆకాశవాణి పలికెను. మరి పండ్రెండు మాసములు గడచినవి. ఈసారి ఎలియాజరు చూపు ఎక్కడ గాయపరచెనో అక్కడ షిమోను చూపు మాన్పెను.

పండ్రెండేండ్ల విద్య ఇయ్యనిది పండ్రెండు నెలలు ఎట్లు ఇచ్చినవి? కథకుడు చెప్పడు. కాని వెంటనే ఒక వృద్ధుని చూపును. శుక్రవారము సంజవేళ రెండు సుగంధపు కొమ్మల కట్టలు పట్టుకొని విశ్రాంతిదినమునకై పరుగెత్తుచున్న సామాన్యుడతడు. అతనిని చూచినప్పుడు తండ్రికొడుకుల మనస్సు కుదుటపడినది. అనగా మాన్పు చూపు మొదట చూచువానినే మాన్పవలసి వచ్చినది. పిదప అల్లుడు ఫీనెహాసు షిమోనును స్నానశాలకు గొనిపోయి ఒడలు తోమును. నిందింపబడిన రోమనుల కట్టడములలో స్నానశాలయు ఒకటి! ఇసుకకు పగిలిన చర్మమును చూచి అల్లుడేడ్చును. ఆ కన్నీరు పగుళ్ళలో పడి మామ బాధతో కేకవేయును. వెలుగు పొందినవాని చర్మము ఇది. తేరుకొనిన షిమోను అడిగిన ప్రశ్న, బాగుచేయవలసినదేమైన నున్నదా యని. ఒకచోట సమాధులున్నవేమో యను సందేహముచే యాజకులు చుట్టు త్రోవన పోవుచున్నారని విని, అతడు నేలను పరీక్షించి గట్టిచోటులను శుద్ధములని చెప్పి, మెత్తని చోటులకు గురుతులు పెట్టెను.

ఆ బాగుచేయుట కున్న ధాతువే తిక్కూన్ అను మాటకు మూలము. తరువాతి కాలపు మార్మికులకు అది మహామంత్రమైనది. ఇచట మాత్రము త్రోవ బాగుచేయుట. కథ సుఖాంతముగా ముగిసినదని చెప్పుట సత్యము కాదు. తన్ను ఎగతాళి చేసిన వృద్ధుని, పూర్వము తనను రోమనులకు పట్టిచ్చిన వానిని షిమోను మరల తన చూపుతోనే కూల్చును. మాన్ప నేర్చిన కన్ను కాల్చుట మరువలేదు. భక్తులు తరచుగా ఈ చివరిభాగమును వదలివేయుదురు, తల్మూదు వదలలేదు.

13వ శతాబ్ది చివర స్పెయినులోని కాస్తీలు ప్రాంతమున వెలువడిన జోహరు ఈ షిమోను పేరిటనే ప్రచారమైనది. జోహరనగా ప్రకాశము. దాచబడిన వెలుగు పూర్తిగా దాచబడిన లోకము క్షణము నిలువదనియు, విత్తనమువలె అది విత్తబడి దినదినము ఒక కిరణముగా మొలచి లోకమును పోషించుననియు అందు చెప్పబడినది. గుహనుండి వచ్చినవాడు విత్తువారిని కాల్చెను. అతని పేరిటి గ్రంథము వెలుగునే విత్తనమనుచున్నది. 16వ శతాబ్దిన సఫెదు నగరమందలి ఇస్హాకు లూరియా (1534-1572) మతమున, అనంతుడు తన్ను తాను కుదించుకొని చోటిచ్చెను. వెలుగును పట్టజాలక పాత్రలు పగిలెను. చెదరిన రవ్వలను సత్కార్యములచే ఏరి చేర్చుటయే తిక్కూను. సృష్టికి పూర్వపు అనంతజ్యోతిని గూర్చి మాటాడిన ఇతనికిని కొలతయే చిక్కైనది. లూరియా దర్శనము గంభీరమైనదే. ఐనను అందు పగిలినవి పాత్రలు, తల్మూదు కథలో పగిలినది ఒక ముసలివాని చర్మము. సాహిత్యముగా రెండవదే బలమైనది.

షబ్బాతు భాగముననే, గుహకథకు పండ్రెండు పత్రముల ముందు హనుక్కా దీపముల చర్చ కలదు. ఒకనాటికి చాలు నూనె ఎనిమిది దినములు వెలిగినదని అందలి కథ. షమ్మాయి శిష్యులు మొదటిరాత్రి ఎనిమిది దీపములు పెట్టి దినమున కొకటి తగ్గింపవలెననిరి. హిల్లేలు శిష్యులు ఒకటితో మొదలిడి పెంపవలెననిరి. ఆచారమున నిలిచినది హిల్లేలు మతము. ఆ దీపపు వెలుగున పని చేసికొనరాదు. పనికై ప్రక్కన వేరొక దీపము కావలెను. విశ్రాంతిదినపు దీపములు అట్లు కావు. వానిని శుక్రవారము ప్రొద్దు క్రుంకకముందే ఇల్లాలు వెలిగించును. ఆ వెలుగున ఇంటివారు కూర్చుండి భుజింతురు.

మహారాష్ట్రమున కొంకణతీరపు అలీబాగు ప్రాంతమున బెనె ఇశ్రాయేలు వారు తరతరములుగా నూనెగానుగలాడించి బ్రతికిరి. శనివారమున గానుగ కట్టరు గనుక ఇరుగుపొరుగువారు వారికి శనివార్ తేలీలని, అనగా శనివారపు తెలికలవారని పేరు పెట్టిరి. ఊరివారి దీపములకు ఆరుదినములు నూనె తీసి, ఏడవదినమున వారు ఎద్దును విప్పెడివారు.