ఏరుకొచ్చిన పూలు, పేర్చిన భావం: బతుకమ్మ రూపనిర్మాణం

బతుకమ్మపై తెలుగు పరిశోధన ప్రధానంగా పాట చుట్టూ సాగింది. పాటల సేకరణ, వర్గీకరణ, వస్తుపరిశీలన విరివిగా జరిగాయి. ఆ పాటకు కేంద్రంగా నిలిచే పూల పేర్పు మాత్రం ఎక్కువగా పండుగ వర్ణనలో భాగంగానే మిగిలింది. దానిని స్వతంత్ర కళాకృతిగా చదవవలసి ఉంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల చెలకల్లో, బీళ్లలో తంగేడు ఎవరూ నాటకుండానే పెరుగుతుంది. గునుగు రైతు దృష్టిలో కలుపు. ఇవి పూసే కాలంలోనే, భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల నుండి ఆశ్వయుజ శుద్ధ అష్టమి నాటి సద్దుల వరకు, తొమ్మిది రోజుల పండుగ వస్తుంది. తాంబాళంలోనో సిబ్బిలోనో గుమ్మడి ఆకులు పరచి, పూలను వరుసలుగా గుండ్రంగా పేరుస్తారు. సమంగా కత్తిరించగా మిగిలిన కాడలు, ఆకులు నడుమ నింపుడుగా చేరి పేర్పును నిలబెడతాయి. పైకి పోయేకొద్దీ వలయం చిన్నదవుతుంది. శిఖరాన పసుపు గౌరమ్మను నిలుపుతారు.

1917లో మార్సెల్ ద్యుషాంప్ మూత్రపాత్రను ‘ఫౌంటెన్’ పేరుతో ప్రదర్శనకు పంపినప్పుడు, మామూలు వస్తువు కళ కావడానికి కళాకారుని ఎంపిక, ప్రదర్శన సందర్భం ఆధారమయ్యాయి. బతుకమ్మలో ఆ మార్పు పేర్పు వల్ల, దాని చుట్టూ తిరిగే స్త్రీల పాట వల్ల జరుగుతుంది. విత్తకుండా మొలిచి, ఒక్కపూట పూజ్యమై, నీటిలో కలిసిపోయే పూలే ‘బతుకు’ అనే భావానికి కంటికి కనిపించే రూపం. ఇక్కడ సామగ్రి భావానికి వాహకం మాత్రమే కాదు, భావమే.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది. బంతి సాగుచేసే పువ్వు. గునుగుకు రంగులద్దడమూ వాడుకలో ఉన్నదే. కనుక స్వచ్ఛత పేరిట ప్రతి మార్పునూ నిరాకరించడం తగదు. అయితే రంగు వేసినా గునుగు వాడిపోతుంది. ప్లాస్టిక్ పువ్వు వాడదు; అది ఆకారాన్ని నిలుపుతుంది గాని, ఋతువునూ నశ్వరతనూ చూపలేదు. సామగ్రి మార్పును ఈ భేదంతో విలువకట్టాలి.

2014లో బతుకమ్మ తెలంగాణ రాష్ట్ర పండుగ అయింది. తంగేడు రాష్ట్ర పుష్పమైంది. కానీ అధికారిక గుర్తింపు ఒకటి, చేనిగట్టున పువ్వు మిగలడం మరొకటి. రైతుకు శ్రమ తగ్గించే కలుపుమందు గునుగును తొలగించినప్పుడు, ఒక కళకు ముడిసరుకు కూడా తొలగిపోతుంది. అందువల్ల పాటల సంకలనంతో బతుకమ్మ అధ్యయనం పూర్తికాదు. ఏ ఊరిలో ఏ పూలు, ఎక్కడి నుండి, ఎవరు తెచ్చి ఎలా పేరుస్తున్నారో నమోదు చేయడం జానపద సాహిత్య పరిశోధనలో భాగం కావాలి.