ముద్ర చెదరని తలుపు

తాళంచెవి లామా నడుముకే ఉంది. బావి మూతకు వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపలికి తోసేసిన మనిషి మాత్రం ఊళ్లోకి వచ్చి మళ్లీ సువార్త చెబుతున్నాడు.

సాధు సుందర్ సింగ్ టిబెట్ అనుభవంగా ప్రచారంలో ఉన్న ఈ కథ వినకుండా మా డోర్నకల్ వైపు సండే స్కూల్ దాటి వచ్చినవాళ్లు తక్కువ. రాసార్ అనే ఊళ్లో ఆయన్ని ఎండిన బావిలో పడేశారు. లోపలంతా శవాలు, ఎముకలు. మూడో రాత్రి మూత తెరుచుకుంది, తాడు దిగింది. పట్టుకుని పైకొచ్చి చూస్తే ఎవరూ లేరు. మూత మళ్లీ మూసుకుంది, తాళం పడింది. సంగతి తెలిసి లామా మండిపడ్డాడు, తాళంచెవి దొంగిలించిందెవరని వెతికించాడు. అది ఆయన నడుముకే వేలాడుతోంది.

మా టీచరమ్మ సరిగ్గా అక్కడ ఆపి, పిల్లలందరి ముఖాలూ ఒకసారి చూసేది. నాకేమో అప్పటికే అద్దె లైబ్రరీ పిచ్చి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ పుస్తకాలు పాఠం పుస్తకంలో దాచుకుని చదివే వయసు. "రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది టీచర్?" అని అడిగాను. "కళ్లు మూసుకో బిడ్డా, ప్రార్థన చేద్దాం" అంది.

పెద్దవాళ్లూ అదే అడిగారని తర్వాత తెలిసింది. 1920లలో యూరప్ పండితులు సుందర్ సింగ్ చెప్పినవి జరిగాయా లేదా అని పుస్తకాల మీద పుస్తకాలు రాసుకుని పోట్లాడుకున్నారు. ఆ పోట్లాట ఒక కొలిక్కి రాకముందే, 1929లో, ఆయన మళ్లీ టిబెట్ దారి పట్టి కనిపించకుండా పోయాడు. నలభై ఏళ్లు నిండని మనిషి. ఆచూకీ ఇప్పటికీ లేదు.

క్రైస్తవ సస్పెన్స్ కథల్లో రకాలెన్ని అంటే పుస్తకాల షాపువాళ్లు చాలా చెబుతారు. నా లెక్కలో మాత్రం రెండే. తాళంచెవి గురించి అడగనిచ్చేవి కొన్ని, కళ్లు మూసుకోమనేవి కొన్ని.

మొదటి రకానికి పునాది వేసినవాళ్లలో భక్తులే ఎక్కువ. చెస్టర్టన్ ఫాదర్ బ్రౌన్ తొలి కథ 1910లో వచ్చింది. పొట్టి మనిషి, గొడుగు ఎక్కడో మర్చిపోయే మనిషి, ఎవరికీ లెక్కలేని పల్లెటూరి గురువు. దొంగల గుట్లు ఆయనకు ఎలా తెలుసంటే, రోజూ మనుషుల పాపాలు చెవిలో వినడమే ఆయన పని. ఆ మొదటి కథలో గురువు వేషం వేసుకుని పక్కన నడుస్తున్నవాడు దొంగ అని ఆయనకు నిర్ధారణ అయ్యేది వేలిముద్రలతో కాదు. వాడు మాటల్లో మనిషి తర్కాన్ని తక్కువ చేశాడు. అసలు గురువెవడూ అలా మాట్లాడడని ఫాదర్ బ్రౌన్ పట్టేశాడు. రొనాల్డ్ నాక్స్ అని ఇంకొకాయన ఉన్నాడు, క్యాథలిక్ గురువు, తర్వాత బైబిల్ మొత్తాన్ని ఒంటిచేత్తో ఇంగ్లిషులోకి తెచ్చినవాడు. 1929లో డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. అందులో రెండోది, కథలో మానవాతీత శక్తులు పనికిరావు. మూడోది, రహస్య మార్గం ఒకటికి మించి వద్దు. ఉదయం పూజలో అద్భుతాన్ని చేతుల్లోకి ఎత్తి చూపే మనిషి, సాయంత్రం కథ రాయడానికి కూర్చుని అద్భుతాన్ని గడప దాటనివ్వలేదు. నాకు ఇందులో వైరుధ్యమేమీ కనిపించదు. అద్భుతం విలువ తెలిసినవాడు కాబట్టే దాన్ని అప్పనంగా వాడుకోనివ్వలేదు.

నాక్స్ నియమాలకు పాత ఆధారం బైబిల్లోనే దొరుకుతుంది, అయితే అందరి బైబిల్లో కాదు. ప్రొటెస్టెంటు ఇళ్లలో ఉండే దానియేలు గ్రంథానికి 12 అధ్యాయాలు. క్యాథలిక్ బైబిల్లో 14. మా మేనమామ చేసుకున్నది కాజీపేట క్యాథలిక్ అమ్మాయిని. ఆ ఇంట్లో ఒక వేసవి మధ్యాహ్నం ఆ చివరి రెండు అధ్యాయాలు తగిలాయి. మా ఇంటి బైబిల్లో ఇవి ఎందుకు లేవని మా అమ్మ మీద అలిగాను.

ఒకటి సూసన్న కథ. ఇద్దరు పెద్దమనుషులు, పైగా న్యాయాధిపతులు, తమకు లొంగని ఇల్లాలి మీద నింద వేశారు. తోటలో పరాయి కుర్రాడితో చూశామన్నారు. మరణశిక్ష పడింది. దానియేలు అప్పటికి కుర్రవాడు. ఇద్దరినీ విడదీసి ఒక్కొక్కరినే అడిగాడు, ఏ చెట్టు కింద చూశారని. ఒకరు ఒక చెట్టు చెప్పారు, ఇంకొకరు ఇంకో చెట్టు. అంతే. మన సబ్-ఇన్‌స్పెక్టర్లు ఈ రోజుకీ చేసేది అదే పని.

రెండోది బేలు కథ. బాబిలోనులో బేలు విగ్రహానికి రోజూ పిండి, ద్రాక్షారసం, నలభై గొర్రెలు నైవేద్యం. తెల్లారేసరికి అన్నీ ఖాళీ. దేవుడే తింటున్నాడు కదా అంటాడు రాజు. దానియేలు నవ్వాడు. పూజారులు పందెం కట్టారు. రాజు స్వయంగా నైవేద్యం పెట్టి, తలుపు మూసి, తన ముద్ర వేస్తాడు. తలుపు మూసేముందు, పూజారులు బయటికి వెళ్లాక, దానియేలు నేలంతా బూడిద చల్లించాడు. చూసింది రాజు ఒక్కడే. తెల్లారింది. ముద్ర చెదరలేదు. తలుపు తీస్తే పళ్లేలు ఖాళీ. రాజు బేలుకు జేజేలు పలికాడు. దానియేలు లోపలికి అడుగు పెట్టనివ్వకుండా రాజును పట్టుకుని, ముందు నేల చూడమన్నాడు. మగవాళ్ల అడుగులు, ఆడవాళ్ల అడుగులు, చిన్నపిల్లల అడుగులు. బల్ల కింద దొంగదారి. డెబ్బై మంది పూజారులూ పెళ్లాం పిల్లలతో సహా రాత్రుళ్లు వచ్చి తినిపోతున్నారు.

డొరొతీ సేయర్స్ 1928లో డిటెక్టివ్ కథల సంకలనం తెచ్చినప్పుడు ఈ పాత కథల్నే ముందు పెట్టింది. ఆమె కూడా భక్తురాలే. తర్వాత యేసు జీవితాన్ని రేడియో నాటకాలుగా రాసింది.

నన్ను పట్టి కుదిపేది ఇంకొకటి. బేలు గుడి తలుపు మీద ముద్ర పడింది. అదే దానియేలును సింహాల గుహలో వేసినప్పుడు రాయి మీదా రాజు ముద్ర పడింది. యేసు సమాధి రాయికీ ముద్ర వేసి కావలి పెట్టారు. మొదటి ముద్ర వెనక మోసం ఉంది, బూడిద చల్లితే బయటపడింది. మిగతా రెండింటి దగ్గర విశ్వాసి చెప్పేది వేరు. క్రైస్తవ సస్పెన్స్ రాసేవాడి కష్టమంతా ఇక్కడే. బూడిద చల్లే ధైర్యం లేనివాడు చెప్పే అద్భుతాన్ని నేను నమ్మను. చల్లాక కూడా ఏదో మిగిలిందంటే, అప్పుడు పుస్తకం కింద పెట్టలేను.

ఈ కొలతతో చూస్తే అమెరికా నుంచి వచ్చే సరుకు చాలావరకు తేలిపోతుంది. ఫ్రాంక్ పెరెట్టి 1986లో ఒక చిన్న పట్టణం పైన దేవదూతల్నీ దయ్యాల్నీ కత్తులతో కొట్టించాడు. చదువుతుంటే ఊపిరి ఆడదు, ఒప్పుకుంటాను. కానీ కింద మనుషులు చేసే ప్రతి వెధవ పనికీ పైనుంచి ఒక దయ్యం జవాబుదారీ అయ్యాక, మనిషి గురించి తెలుసుకునేదేముంది? మన యండమూరి 'తులసిదళం'లో చేతబడిని, వైద్యాన్ని పక్కపక్కన నడిపించాడు. పాఠకుడు దేన్ని నమ్మాలో తేల్చుకోలేక రాత్రంతా లైటు వేసుకుని పడుకున్నాడు. పనితనంలో నా ఓటు యండమూరికే.

1995లో మొదలైన 'లెఫ్ట్ బిహైండ్' పదహారు పుస్తకాలదీ అదే తంతు. విమానం గాల్లో ఉండగా విశ్వాసులు ఎత్తబడిపోయారు, సీట్లలో బట్టలు మాత్రం మిగిలాయి. మొదటి అధ్యాయం అదరగొడుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో ప్రకటన గ్రంథం ప్రసంగాలు విన్నవాళ్లందరికీ తెలుసు. ఆ భయం ఏమిటో మాకు వాళ్లు చెప్పక్కర్లేదు లెండి. రాకడ గురించి మూడు రాత్రులు కూటాలు జరిగిన వారంలో, బడి నుంచి వచ్చేసరికి ఇల్లు తీసి ఉండి, పొయ్యి మీద పప్పు ఉడుకుతూ, ఇంట్లో ఎవరూ లేకపోతే గుండె ఎలా జారిపోతుందో మా వాడకట్టు పిల్లలందరికీ అనుభవమే. మా అమ్మ రేషన్ షాపు లైన్లో ఉందని తెలిసేదాకా నేను ఈ లోకంలో ఒంటరిగా విడిచిపెట్టబడ్డ పాపినే.

తెలుగులో క్రైస్తవ సస్పెన్స్ నవల అని అట్ట మీద వేసి అమ్మినది నేను కొనలేదు. కానీ ఆ కథ చెప్పే విద్య మాత్రం మా దగ్గర దండిగా ఉంది. దాని పేరు సాక్ష్యం.

మరిపెడ దగ్గర ఒక పల్లెలో రాత్రి కూటంలో విన్న సాక్ష్యం చెబుతాను. చెప్పినాయన లారీ డ్రైవరు. బొగ్గు లోడుతో భూపాలపల్లి నుంచి వస్తుంటే అడవిలో బండి ఆగిపోయింది. ఇంకొకరైతే రెండో వాక్యానికల్లా దేవుణ్ని దింపేవారు. ఈయన దింపలేదు. క్లీనరు జ్వరంతో ముసుగు తన్ని పడుకున్న సంగతి చెప్పాడు. ఏ టైరు కింద రాయి పెట్టాడో చెప్పాడు. ఫోన్లో ఛార్జింగ్ ఎంతుందో చెప్పాడు. జనం "స్తోత్రం" అంటూ తొందరపెట్టినకొద్దీ ఆయన ఇంకా నెమ్మదించాడు. ఒక బైకు లైటు దూరంగా కనిపించి, ఆరిపోయి, మళ్లీ కనిపించింది. ఆ లైటు దగ్గరికి రావడానికి పది నిమిషాలు పట్టిందో లేదో గానీ, చెప్పడానికి మాత్రం అంతకన్నా ఎక్కువే తీసుకున్నాడు. బతికి వచ్చి మా ముందు మైకు పట్టుకుని నిలబడ్డ మనిషే అని తెలిసి కూడా పక్కన కూర్చున్న ముసలమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

వచ్చినవాడు మెకానిక్కు. "దేవదూత అని నేననను. ఆయనకు ఫోన్ నంబరుంది, నా దగ్గర రాసుకున్న" అన్నాడు డ్రైవరు. జనం నవ్వారు. "కాకపోతే ఆ రాత్రి ఆ తొవ్వన ఎందుకు బోయిండో ఆయనకే సమజ్ కాలేదట" అని మైకు ఇచ్చేసి కూర్చున్నాడు.

ఈ నేర్పు ఆయనకు చర్చి నుంచే వచ్చిందనుకోను. జనగామ దగ్గరి మాణిక్యాపురం చుక్క సత్తయ్య ఒగ్గుకథ చెబుతుంటే విన్నవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. మల్లన్న కథ ఎటు పోతుందో వినేవాళ్లందరికీ తెలుసు. తెలిసిన కథను ఎక్కడ నిలపాలి, ఎప్పుడు డోలుకు వదిలిపెట్టాలి, వంతవాడు అడిగే అమాయకపు ప్రశ్నకు ఎంత ఆలస్యంగా జవాబియ్యాలి, ఆ లెక్క కథకుడిది. సత్తయ్య 2017లో పోయాడు. ఆ లెక్క ఈ నేలలో ఇంకా ఉంది.

అజరయ్య బిషప్ దీన్ని కనిపెట్టాడు. 1912 డిసెంబరులో కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడిగా డోర్నకల్ వచ్చినాయన. దొరల పాట, దొరల మాట పల్లెకు ఎక్కదని తెలుసుకుని కీర్తనల్నీ, కాలక్షేపాల్నీ, నాటకాల్నీ ప్రోత్సహించాడు. బాప్తిస్మం తీసుకున్న ప్రతి ఒక్కరి చేతా, సువార్త చెప్పకుండా ఊరుకోనని తలమీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించేవాడు. చదువు రాని పాలేరు కూడా ఆ రోజు నుంచి కథకుడే. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్లో గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసి నిలబడినట్టే, ఆ కథల్లోనూ అన్నీ కలిశాయి.

ఇంత ముడిసరుకు చేతిలో పెట్టుకుని మనవాళ్లు నవల రాయరేం అని నాకు ఉక్రోషం. సీఎస్ఐ గుడిలో పెళ్లి ప్రకటనలే తీసుకోండి. మూడు ఆదివారాలు అయ్యగారు వధూవరుల పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పాలంటారు. ప్రతిసారీ రెండు క్షణాలు ఆగుతారు. ఆ రెండు క్షణాల్లో ఆడపెళ్లివారి బెంచీ వైపు చూడండి. అగాథా క్రిస్టీకి కూడా ఇంత మంచి గడువు దొరకదు.

నేను రాస్తున్నది మాత్రం బొగ్గు బాయి కథ. భూపాలపల్లిలో రిటైరైన కార్మికుడు, మా దూరపు బంధువు, నేను బాపూ అని పిలిచే ఆయన ఇచ్చిన ముక్క అది. షిఫ్టుకు దిగేవాళ్లు లాంప్ రూంలో దీపం తీసుకుంటారు, ఎక్కాక అప్పజెప్తారు. ఒక దీపం తిరిగి రాలేదంటే ఒక మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు లెక్క. నా కథలో ఒక దీపం రాలేదు. బాయి మీద సైరన్. రెస్క్యూవాళ్లు సిద్ధమవుతున్నారు, కింద పైకప్పు కూలే సూచనలున్నాయి. ఆ మనిషి కింద లేడని అయ్యగారికి ఒక్కడికే తెలుసు. అప్పులవాళ్ల బాధ పడలేక, చచ్చిపోయినట్టు నమ్మించి పారిపోతానని ముందురోజు రాత్రి వాడు ఏడుస్తూ చెప్పుకున్నాడు. ఎవరికీ చెప్పనని అయ్యగారు మాటిచ్చాడు.

హిచ్‌కాక్ 1953లో 'ఐ కన్ఫెస్' తీసినప్పుడు ఇలాంటి ముడే వేశాడు. హంతకుడు పాపసంకీర్తనంలో చెప్పుకున్నది బయటపెట్టలేక గురువు తానే నిందితుడవుతాడు. కానీ క్యాథలిక్ ఫాదర్‌కు నియమం ఉంది, ప్రాణం పోయినా పెదవి విప్పరాదు. సీఎస్ఐ అయ్యగారికి అంత గట్టి గోడ లేదు. ఉన్నది ఇచ్చిన మాట, ఎదురుగా హెల్మెట్లు పెట్టుకుంటున్న ఆరుగురు. అందుకే నాకు అయ్యగారు కావాలి. తేల్చుకోవాల్సింది ఆయనే.

ఆయన్ని ఇరవై పేజీలు నలిపి, ఆ తర్వాత నోరు విప్పించాలని నా ఆలోచన. బాపుకు చదివి వినిపించాను. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "మొదటి మనిషి బాయిల దిగకముందే చెప్తడు. చెప్పకుంటె ఆయన అయ్యగారే కాదు" అన్నాడు.

"అట్లయితే కథ నాలుగు పేజీల్లో అయిపోతది కదా బాపూ."

"అయితే నాలుగు పేజీలే రాయి."