కాన్వెంటు జాబితాలో కనబడని అమ్మాయిలు

పోయినేడాది మా బడి పూర్వ విద్యార్థినుల సంఘం నుంచి ఫోన్ వచ్చింది. సావనీర్ వేస్తున్నారట. అందులో ‘మన బడి గర్వించదగ్గ అమ్మాయిలు’ అని రెండు పేజీలు నన్ను రాసిపెట్టమన్నారు. “నువ్వెలాగూ రాస్తూనే ఉంటావు కదా” అన్నారు. సిస్టర్లు నడిపే ఆ బళ్ళో పదేళ్ళు చదివాను. ఇవాళ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని నా కాళ్ళ మీద నేను నిలబడ్డానంటే అది వాళ్ళ చలవే. సరేనన్నాను. నాచారంలో మా ఇంట్లో కూర్చుని, మిగతా కాన్వెంట్ల వాళ్ళు ఇలాంటి జాబితాలు ఎలా రాశారో చూద్దామని ఒక్కొక్కటీ తిరగేయడం మొదలుపెట్టాను. చదువుతున్నకొద్దీ నా రెండు పేజీలు కదలనని మొండికేశాయి. ఎందుకు కదల్లేదో చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

ముందుగా ఒప్పుకోవలసిన మాట ఒకటుంది. ఆ పేర్లు చదువుతుంటే సంతోషంగానే ఉంటుంది. సికింద్రాబాద్‌లో సలేషియన్ సిస్టర్లు నడిపే ఆగ్జీలియం స్కూల్లో చదివిన పి.వి. సింధు 2016లో రియో ఒలింపిక్స్‌లో రజతం తెచ్చింది, 2019లో ప్రపంచ విజేత అయింది. సైనా నెహ్వాల్ మెహదీపట్నం సెయింట్ ఆన్స్ మహిళా కళాశాల విద్యార్థిని. టబు చదివింది విజయనగర్ కాలనీ సెయింట్ ఆన్స్‌లో. సుస్మితా సేన్ సికింద్రాబాద్ సెయింట్ ఆన్స్‌లో కొంతకాలం చదివింది. ఐ.ఎ.ఎస్. అధికారి స్మితా సబర్వాల్‌ది మారేడ్‌పల్లి సెయింట్ ఆన్స్, ఆ తర్వాత బేగంపేట సెయింట్ ఫ్రాన్సిస్ కళాశాల. నిజామాబాద్ నిర్మల హృదయ బాలికల పాఠశాలలో చదివిన నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ బాక్సింగ్‌లో ప్రపంచ విజేత. హిందూ, ముస్లిం, క్రైస్తవ ఆడపిల్లలు ఒకే బెంచీ మీద కూర్చున్న చోట్లు మనకి ఎన్ని ఉన్నాయి గనుక? సెయింట్ ఆన్ సిస్టర్లు సికింద్రాబాద్ వచ్చింది 1871లో. జె.ఎం.జె. సిస్టర్లు గుంటూరు వచ్చింది 1904లో. ఆడపిల్లకి చదువెందుకు అని ఇంటింటా అడుగుతున్న రోజులవి. ఈ చరిత్రను తేలిగ్గా తీసిపారేసే హక్కు నాకు లేదు.

అయినా జాబితా కూడా ఒక రచనే. ఎవరిని చేర్చాలో, ఎవరిని వదలాలో, ఒక్కొక్కరి గురించి ఎంత చెప్పాలో నిర్ణయించేవాళ్ళకి ఒక దృక్పథం ఉంటుంది. తెలుగులో పేరున్న స్త్రీల జాబితాకి పెద్ద చరిత్రే ఉంది. 1901లో భండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ ప్రచురించింది. ఆమె బడి ముఖం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. స్త్రీలకి తెలివి ఉండదు, చదువు పనికిరాదు అనేవాళ్ళకి జవాబుగా ఆ జీవితాలన్నీ ఏరి కూర్చింది. అంటే అచ్చమాంబ జాబితా స్త్రీల పక్షాన చేసిన వాదన. ఇవాళ మన బళ్ళ జాబితాలు ఎవరి పక్షాన వాదిస్తున్నాయి? అవి బడి పక్షాన మాట్లాడుతున్నాయి. ‘మా దగ్గర చేర్పించండి, మీ అమ్మాయీ ఇంతదవుతుంది’ అంటున్నాయి. అందుకని వాటిలో పతకం, కిరీటం, హోదా కనిపిస్తాయి. వాటిని అందుకున్న ఆడమనిషికి ఆ తర్వాత ఏం జరిగిందో, ఆమె ఏం చేసిందో కనిపించదు.

సుస్మిత 1994లో విశ్వసుందరి అయింది. రెండేళ్ళకే, 1996లో, బెంగళూరులో ప్రపంచ సుందరి పోటీలు పెడితే స్త్రీల సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. అందాన్ని సరుకు చేయొద్దన్నాయి. మోకాలి కింద దాకా గౌను లేకపోతే గేటు దగ్గరే ఆపేసిన సిస్టర్ల బళ్ళు ఆ కిరీటాన్ని ఏ మొహమాటమూ లేకుండా గోడకి తగిలించుకున్నాయి. స్మితా సబర్వాల్ సంగతి చూడండి. 2015లో ఒక ఇంగ్లీషు వారపత్రిక ఆమె పనిని వదిలేసి, ఆమె కట్టూబొట్టూ గురించి రాసి, ర్యాంప్ మీద నడుస్తున్నట్టు కార్టూన్ వేసింది. ఆమె ఊరుకోకుండా లీగల్ నోటీసు పంపింది. అదే అధికారి 2024లో అఖిల భారత సర్వీసుల్లో వికలాంగులకు కోటా ఎందుకని బహిరంగంగా ప్రశ్నించి, వికలాంగుల హక్కుల కోసం పనిచేసేవాళ్ళ ఆగ్రహానికి గురైంది. మొదటి సంగతి చదివినప్పుడు ఆమె పక్కన నిలబడాలనిపించింది. రెండోది చదివినప్పుడు ఆమెతో గట్టిగా వాదించాలనిపించింది. ఒక స్త్రీని గౌరవించడమంటే ఈ రెండూ చేయడమే. జాబితాలో మాత్రం పేరు, బ్యాచ్, ఫోటో ఉంటాయి.

ఇంకొకటి కూడా గమనించాను. నేను చూసిన జాబితాల్లో తెలుగులో రాసే ఒక్క రచయిత్రి పేరూ కనబడలేదు. అలాంటివాళ్ళు లేక కాదు, గర్వించదగ్గ సంగతిగా అది ఎవరికీ తట్టక. మన భాషలో ‘కాన్వెంటు’ అనే మాటకి పట్టిన గతి చూస్తే కారణం తెలుస్తుంది. కన్యాస్త్రీలు ఉండే మఠం అని దాని అర్థం. మనకి అది రెండు గదుల ఇంట్లో పెట్టిన ప్రైవేటు స్కూలుకి కూడా పేరైంది, ఇంగ్లీషుంటే చాలు. మతం పోయింది, మఠం పోయింది, ఇంగ్లీషు మిగిలింది.

కెన్యా పర్యావరణ ఉద్యమకారిణి వంగారి మాతాయి 2006లో వచ్చిన తన ఆత్మకథ ‘అన్‌బౌడ్’లో చిన్నప్పటి మిషన్ బడి గురించి రాసింది. మాతృభాష మాట్లాడి దొరికిన పిల్లకి ఒక బిళ్ళ ఇచ్చేవాళ్ళు. ఆ పిల్ల ఇంకొకరిని పట్టుకుని దాన్ని అంటగట్టాలి. సాయంత్రానికి అది ఎవరి దగ్గరుంటే వాళ్ళకి శిక్ష. 2004లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఈమె తనకి చదువు చెప్పిన సిస్టర్లను ప్రేమగా తలుచుకుంటుంది, తన భాషను సిగ్గుపడే వస్తువుగా మార్చిన ఆ బిళ్ళనూ మరిచిపోదు. ఆ పేజీలు చదువుతుంటే మన మైదుకూరు గుర్తొచ్చింది. 2009లో అక్కడ ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో తెలుగు మాట్లాడారని పిల్లల మెడలో ‘నేనెప్పుడూ తెలుగు మాట్లాడను’ అని పలకలు వేలాడదీశారు.

ఆ తర్వాత నా సంగతి గుర్తొచ్చింది. ఆరో తరగతిలో నేను క్లాస్ లీడర్‌ని. తెలుగు మాట్లాడినవాళ్ళ పేర్లు నోటుబుక్కులో రాసి సాయంత్రం అందించడం నా పని. పేరుకి పావలా జరిమానా. నా జీవితంలో నేను రాసిన మొదటి జాబితా అదే. గుండ్రటి అక్షరాలతో, వరస నంబర్లు వేసి, ఎంత శ్రద్ధగా రాసేదాన్నో! అందులో రోజూ ఉండే పేరు నా పక్కన కూర్చునే అమ్మాయిది. ఫీజు రాయితీ మీద చదివేది. ఏడో తరగతికి వచ్చేసరికి ఆమెను వెనక బిల్డింగుకి, తెలుగు మీడియానికి మార్చారు. మా బడికి రెండు గేట్లుండేవి. ఆ తర్వాత మేమిద్దరం ఒక గేటులోంచి రాలేదు.

ఆమె నాకు మళ్ళీ కనిపించింది మా నాచారంలోనే, ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి ఓ.పి. వరసలో. పారిశ్రామికవాడలో మందుల ప్యాకింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్. చూడగానే గుర్తుపట్టింది. “నీ నోట్‌బుక్కుల నా పేరే ఫస్టుండేది, యాదున్నదా?” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బడి గురించి చేదుగా మాట్లాడుతుందేమో అనుకున్నాను. లేదు. వెనక బిల్డింగులో ఒక సిస్టర్ ఉండేదట. ఏ కాగితమైనా పూర్తిగా చదవకుండా సంతకం పెట్టొద్దని చెప్పేదట. “గదే నాకు అక్కరకొచ్చింది. నా జీతం చీటీయే గాదు, మా లైన్ల పనిచేసే ఆడోళ్ళందరివీ నేనే చదివి చెప్త” అంది. సావనీర్ సంగతి చెప్పి, నీ గురించి రాయనా అని అడిగాను. “వద్దే తల్లీ, ఒకపారి రాసినవు, చాలు” అంది. అందుకే ఆమె పేరు ఇక్కడ లేదు.

వెనక బిల్డింగు చదువుల గురించి మన సాహిత్యం చెప్పకపోలేదు. 2003లో గోగు శ్యామల ‘నల్లపొద్దు’ సంకలనం తెచ్చాక దళిత స్త్రీల రాతలు ఎంత వెనక్కి వెళతాయో మనలో చాలామందికి మొదటిసారి తెలిసింది. ఎం.ఎం. వినోదిని బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి ఉపమానాన్ని ఒక దళిత క్రైస్తవ కూతురి కథగా తిరగరాసింది. చదువుకుని, పైకులం స్నేహితురాలి ఇంటి తీరుకి మురిసి, సొంత ఇంటిని చూసి సిగ్గుపడ్డ అమ్మాయి దెబ్బతిని వెనక్కి వస్తుంది. చదువు పైకి తీసుకెళ్ళేటప్పుడు ఏం వదిలేయమంటుందో ఆ కథకి తెలుసు. ఏ జాబితాకీ తెలియదు.

జాబితాలు మాట మార్చడం కూడా మామూలే. ఎడ్నా ఓ’బ్రియన్ ఐర్లాండ్‌లో కాన్వెంటులో చదివింది. 1960లో వచ్చిన ‘ది కంట్రీ గర్ల్స్’ నవలలో ఇద్దరమ్మాయిలు కావాలనే తప్పు చేసి కాన్వెంటు నుంచి బయటపడతారు. ఆ నవలను దేశం నిషేధించింది. అదే దేశం 2015లో ఆమెకు కళాకారులకిచ్చే అత్యున్నత గౌరవమిచ్చింది. 2024లో ఆమె చనిపోతే మా అమ్మాయి అని కన్నీళ్ళు పెట్టుకుంది. నోటుబుక్కులో జరిమానా పడ్డ పేరు యాభై ఏళ్ళకి గర్వించదగ్గ పేరైంది.

జాబితాలో అసలే లేనివాళ్ళు ఆ సిస్టర్లు. పెళ్ళి లేకుండా, ఒక సంస్థను నడుపుతూ, చెక్కుల మీద సంతకాలు చేసే ఆడవాళ్ళను నేను మొదట చూసింది వాళ్ళలోనే. పైన బిషప్పులూ ఫాదర్లూ మగవాళ్ళేనని పెద్దయ్యాక అర్థమైంది. వ్రతం తీసుకునేటప్పుడు సొంత పేరు వదిలి కొత్త పేరు పెట్టుకోవడం చాలా సభల్లో ఆచారంగా ఉండేది. మన పేర్లు గోడలకెక్కించినవాళ్ళు తమ పేర్లే వదులుకున్నారు. వెనక బిల్డింగు సిస్టర్ పేరు నా స్నేహితురాలికీ సగమే గుర్తుంది.

సావనీర్‌కి నా రెండు పేజీలు పంపాను. పతకాలొచ్చిన పేర్లన్నీ ఉన్నాయి. చివర నా నోటుబుక్కు సంగతి కూడా రాశాను. “శుభమా అని వేసుకుంటుంటే ఇదెందుకు?” అని ఆ పేరా తీసేయమన్నారు. పేర్లు వేసుకోండి, కింద నా పేరు వద్దన్నాను. అలాగే వేశారు.

ఈ పత్రిక చదివేవాళ్ళలో ఎంతోమంది కాన్వెంట్లలో చదివారు, కొందరు వాటిలోనే పాఠాలు చెబుతున్నారు. ఏలూరు, గుంటూరు, విజయవాడ, సికింద్రాబాద్ - మీ బడి ఎక్కడున్నా, అక్కడ పాత అడ్మిషన్ రిజిస్టర్లు ఉంటాయి. ఒకరోజు వెళ్ళి చూడండి. ఏ తరగతిలో ఏ అమ్మాయి మానేసిందో, ఎవరిని ఏ మీడియానికి మార్చారో, కారణం అన్న గడిలో ఏం రాశారో చూసి రాయండి. పేర్లు రాసేముందు మాత్రం వాళ్ళని అడగండి.