మరి నీ సంగతేమిటి?

ఈమధ్య పేపరులో జిల్లా పేజీ తిప్పితే చాలు, వారానికొకసారైనా ఆ ఫొటో కనపడుతోంది. వెనకాల ఫ్లెక్సీ, దానిమీద 'పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం' అని పెద్దక్షరాలు, ముందు వరసలో శాలువాలు కప్పుకుని కుర్చీల్లో కూచున్న మేష్టార్లు, వాళ్ళ వెనక తలలు నెరిసినవాళ్ళూ రంగేసుకున్నవాళ్ళూ, ఓ పక్కగా పట్టుచీరల్లో అయిదారుగురు ఆడవాళ్ళు. కింద వార్త కూడా ఎప్పుడూ ఒకటే. ఇన్నేళ్ళ తర్వాత ఒక్కచోట చేరారు, పాత జ్ఞాపకాలు నెమరువేసుకున్నారు, గురువులను సత్కరించారు, కలిసి భోంచేశారు. ఆఖర్న నలుగురైదుగురు నిర్వాహకుల పేర్లు వేసి, 'తదితరులు పాల్గొన్నారు' అని ముగిస్తారు. ఆ పట్టుచీరలవాళ్ళు సాధారణంగా ఆ తదితరుల్లోనే ఉంటారు.

నవ్వకండిగానీ, క్లాసు కబుర్లు కూడా ఒక సాహిత్య ప్రక్రియే అంటాను నేను. శుభలేఖకి ఒక శైలి ఉంది కదా, పుట్టింటికి రాసే ఉత్తరానికి ఒక శైలి ఉంది కదా, దీనికీ ఉంది. ఒకప్పుడు ఇన్‌లాండు కవర్లలో నడిచింది. తర్వాత సావనీర్లలోకి ఎక్కింది. ఇప్పుడు ఫోనులో తెల్లవారేసరికి గుడ్‌మార్నింగ్ పువ్వులతో సహా వచ్చి పడుతోంది. ఎక్కడున్నా దాని వ్యాకరణం మాత్రం మారలేదు. మగవాళ్ళ పరిచయం వినండి: "నేను ఇరిగేషన్‌లో చేరాను, ఫలానా చోట్ల పనిచేశాను, రిటైరయ్యాను, ఇప్పుడు వాకింగ్ చేస్తున్నాను." కర్త నేను. అదే ఆడవాళ్ళ పరిచయం: "మావారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. పెద్దాడు డల్లాస్‌లో ఉన్నాడు. అమ్మాయి బెంగుళూరు. మనవడికి మూడో ఏడు వచ్చింది." క్రియలన్నీ ఉన్నాయి. కర్త ఏదండీ?

మా డిగ్రీ బ్యాచి కలుసుకున్నప్పుడూ ఇంతే. మైకు చేతులు మారుతూ వచ్చింది. లెక్కల్లో మేమందరం ఎవరి నోట్సు చూసి గట్టెక్కామో ఆవిడ వంతు వచ్చింది. మూడే మూడు వాక్యాలు చెప్పింది. మొదటిది భర్త గురించి, మిగతా రెండూ పిల్లల గురించి. చప్పట్లు కొట్టారు, మైకు పక్కవాళ్ళ చేతికి వెళ్ళిపోయింది. ఆ లెక్కలన్నీ ఏమైపోయాయని ఎవరూ అడగలేదు. అడగరు కూడా. ముందే పంచిన కాగితంలో పేరు, భర్త పేరు, భర్త ఉద్యోగం, పిల్లలెందరు, ఎక్కడ ఉన్నారు అని గడులున్నాయిగానీ, ఈ ప్రశ్నకి గడి లేదు మరి.

అసలు ఆడవాళ్ళను వెతికి పట్టుకోవడమే నిర్వాహకులకు పెద్ద గండం. మగపిల్లాడు ఎక్కడికి పోయినా ఇంటిపేరు వెంట పెట్టుకుపోతాడు. ఆడపిల్లకి పెళ్ళితో ఊరూ మారుతుంది, పేరుకి ముందుండే అక్షరమూ మారుతుంది. కె. విజయలక్ష్మి కాస్తా పి. విజయలక్ష్మి అయిపోతుంది. మా రోజుల్లో క్లాసుకి ముగ్గురు విజయలక్ష్ములకు తక్కువుండేవారు కాదు. వాళ్ళను వేరు చేసి పిలవడానికి ఉన్న ఒక్క ఆధారం ఆ అక్షరమే. అదీ పోయాక ఏ విజయలక్ష్మి ఏ విజయలక్ష్మో చెప్పగలిగేది ఎవరు? పక్క బెంచీలో కూచున్న మనిషి ఒక్కతే.

పక్క బెంచీ మనిషి అంటే మన సినిమావాళ్ళకి వెంటనే ప్రేమ గుర్తొస్తుంది. తమిళంలో 2018లో వచ్చిన '96', దాన్నే 2020లో అదే దర్శకుడు ప్రేమ్‌కుమార్ తెలుగులో తీసిన 'జాను' చూసే ఉంటారు. కాలేజీ కాదు, బడి బ్యాచి అనుకోండి. ఏళ్ళ తర్వాత అందరూ కలుసుకోవడం, విడిపోయిన జంట ఒక్క రాత్రి ఊసులాడుకోవడం. చక్కగా తీశారు, కాదనను. కళ్ళు చెమర్చాయి కూడా. కానీ ఆ సమ్మేళనానికి వచ్చిన మిగతావాళ్ళంతా ఎవరు? ఈ ఇద్దరూ ఏమైపోతారోనని కంగారుపడే నేస్తాలు తప్ప, తక్కినవాళ్ళు తోరణాలూ దీపాల్లాగా అలంకారానికున్నారు. ఒక ఆడమనిషికి తన చదువునాటి రోజులతో ప్రేమకథ తప్ప వేరే బాకీ ఏదైనా మిగిలి ఉండొచ్చునన్న ఊహ ఆ కథలో లేదు. ఉండాల్సిన పనీ లేదేమో, అది ప్రేమకథ గనక. నా బాధల్లా, క్లాసు సమ్మేళనం అనగానే మనకి ఆ ఒక్క కథే దొరకడం.

ప్రశ్న మారిస్తే కథ మారుతుందా? మారుతుందనడానికి దూరదేశంలో ఓ పెద్ద రుజువుంది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో స్మిత్ కాలేజీ అని పేరున్న ఆడపిల్లల కాలేజీ. అందులో 1942లో చదువు ముగించిన బ్యాచివాళ్ళు 1957లో, అంటే పదిహేనేళ్ళకి, కలుసుకోవాలనుకున్నారు. సమ్మేళనానికి ముందు అందరికీ ఒక ప్రశ్నాపత్రం పంపే పని ఆ బ్యాచిలో ఒకావిడ నెత్తినేసుకుంది. చదువుకునేనాటి ఆవిడ ఇంటిపేరు గోల్డ్‌స్టీన్. అప్పటికి బెట్టీ ఫ్రీడన్, ముగ్గురు పిల్లల తల్లి, ఇంటి దగ్గర కూచుని ఆడవాళ్ళ పత్రికలకి వ్యాసాలు రాసుకుంటోంది. ఇద్దరు స్నేహితురాళ్ళను సాయం తీసుకుని ఆ ప్రశ్నలు తయారుచేసింది.

మామూలు ప్రశ్నలు అడిగి ఊరుకుంటే ఆ కాగితాలు ఏ బీరువాలోనో చెదలు పట్టి ఉండేవి. ఆవిడ ఇంకొన్ని అడిగింది. ఈ జీవితంలో మీకు తృప్తినిస్తున్నదేమిటి, చికాకు పెడుతున్నదేమిటి, మళ్ళీ మొదలుపెట్టే వీలుంటే ఏది వేరుగా చేసి ఉండేవారు, వయసు మీదపడుతుంటే ఎలా ఉంది. అడిగింది అత్తగారు కాదు, డాక్టరు కాదు, పత్రికవాళ్ళు కాదు. హాస్టల్లో ఒక గోడ అవతల పడుకున్న మనిషి. దాదాపు రెండువందలమంది జవాబులు రాశారు. వాళ్ళలో ఎక్కువమంది గృహిణులే. ఇల్లూ, కారూ, మంచి భర్తా, ముద్దులొలికే పిల్లలూ అన్నీ ఉన్నాయి. అయినా ఏదో వెలితి. దాన్ని ఏమని పిలవాలో తెలియదు. చదువెక్కువై ఆడవాళ్ళు ఇంట్లో సుఖపడలేకపోతున్నారని అప్పట్లో పెద్దలు అంటుండేవారు. ఆ మాట తప్పని రాయాలనే ఆవిడ ఈ పనికి పూనుకుంది. తీరా జవాబులు చదివితే తప్పు చదువుది కాదు, ఆ చదువుని మడిచి పెట్టెలో పెట్టేయమన్న కాలానిదని తేలింది. ఆ కాలం ఎటువంటిదంటే, అంతకు రెండేళ్ళ ముందే, 1955లో, అదే స్మిత్ కాలేజీ పట్టా ఇచ్చే సభకి అడ్లై స్టీవెన్సన్ వచ్చాడు. దేశాధ్యక్ష పదవికి పోటీచేసిన పెద్దమనిషి. చదువైపోయిన అమ్మాయిలతో మీరు దేశానికి చేయవలసిన గొప్ప సేవ భార్యలుగా, తల్లులుగా ఇంట్లోనే ఉందన్న ధోరణిలో ఉపన్యసించి వెళ్ళాడు.

ఫ్రీడన్ ఆ జవాబులమీద వ్యాసం రాసి పంపింది. ఒక ఆడవాళ్ళ పత్రిక తిప్పికొట్టింది. ఇంకోటి ఆవిడ చెప్పినదానికి సరిగ్గా తలకిందులుగా తిరగరాసి పెట్టింది, ఆవిడే వెనక్కి తీసుకుంది. మూడోదీ వద్దంది. (పత్రికలంటే ఎవరో కాదు, ఇలా వంటలూ కుట్లూ కథలూ కలిపి వేసే మనవంటి పత్రికలే!) ఇక లాభంలేదని పుస్తకమే రాసింది. 1963లో 'ది ఫెమినిన్ మిస్టిక్' పేరుతో వచ్చింది. అందులో మొదటి అధ్యాయం పేరే పేరులేని సమస్య. ఒక క్లాసు కబుర్ల కాగితం అంత దూరం నడిచిందంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

పుస్తకం గొప్పదేగానీ, చదవడం అంత సులువు కాదు. చెప్పిందే చెబుతుంది. సుఖంగా ఉన్న ఇంటిని నిర్బంధ శిబిరంతో పోల్చే చోట నాకు మనసొప్పలేదు, అలాంటి శిబిరాల్లో నిజంగా పోయినవాళ్ళున్న లోకంలో అది పోలిక కాదు. పైగా ఆ రెండువందలమంది ఇళ్ళలో పనిచేయడానికి వచ్చే ఆడవాళ్ళ మాటేమిటి, వాళ్ళకి ఇంటిపట్టున ఉండి విసుగు పుట్టే భాగ్యమెక్కడిది, అని 1984లో బెల్ హుక్స్ అనే నల్లజాతి రచయిత్రి గట్టిగా నిలదీసింది. న్యాయమైన మాట. మన ఇళ్ళకీ వర్తిస్తుంది, పనమ్మాయి రాని రోజున ఎవరికైనా తెలుస్తుంది.

అన్నిటికన్నా చిత్రం మరొకటుంది. ఫ్రీడన్ తన గురించి చెప్పుకునేటప్పుడు తానూ అందరిలాంటి ఇల్లాలినే అన్నట్టు చెప్పుకుంది. పెళ్ళికి ముందూ తర్వాతా ఏళ్ళ తరబడి కార్మిక సంఘాల పత్రికల్లో ఆవిడ చేసిన విలేకరి పని పుస్తకంలో వెనక్కి తగ్గిపోయింది. 1998లో డేనియల్ హోరోవిట్జ్ అనే ఆచార్యుడు పాత కాగితాలు తిరగేసి ఆ సంగతంతా బయటపెట్టాడు. ఆ కాలంలో అమెరికాలో వామపక్షం వాసన వేస్తే చాలు బతుకు దుర్భరం, అందుకని దాచి ఉండవచ్చు. కారణం ఏదైతేనేం, అందరి చేతా 'నేను' అనిపించిన మనిషి తన 'నేను'ని సగమే రాసింది.

ఇంత పెద్ద పుస్తకం చెప్పినదాన్ని మన పి. సత్యవతిగారు కొద్ది పేజీల కథలో చెప్పారు. 'ఇల్లలకగానే'. 1995లో అదే పేరుతో వచ్చిన సంపుటిలో ఉంది. ఇల్లలకగానే పండగ కాదని మనకి సామెత ఉంది కదా. ఈ కథలో ఇల్లాలికి ఇల్లలకడమే పండగ, పబ్బం, సర్వస్వం. అలికీ అలికీ ఒకనాడు తన పేరు మరచిపోతుంది. పక్కింటావిడను అడిగితే, మీ పేరెప్పుడూ అడగలేదమ్మా, ఫలానా ఇంటావిడ, ఫలానావారి భార్య అనే చెప్పుకుంటాం అంటుంది. పిల్లలకి ఆవిడ అమ్మ. పనమ్మాయికి అమ్మగారు. భర్తకి 'ఏమోయ్'. ఆయనకి అదొక సమస్యగానే కనపడదు. కథ నవ్విస్తూనే నడుస్తుంది. సత్యవతిగారి గొంతు ఎక్కడా పెరగదు, అదే ఆవిడ బలం.

పేరు వెతుక్కుంటూ పుట్టింటికి వెళ్తుంది. అమ్మకన్నా బాగా గుర్తుంటుందని మనమూ ఆశపడతాం. కానీ 'శారదా!' అని పిలిచి ఆవిడ పేరు ఆవిడ చేతిలో పెట్టేది కన్నతల్లి కాదు, కట్టుకున్నవాడూ కాదు, చిన్ననాటి స్నేహితురాలు. పేరు ఒక్కటే కాదు, చదువులో నువ్వు ముందుండేదానివి, పాటల పోటీలో నీదే మొదటి స్థానం, బొమ్మలు బాగా వేసేదానివి అని జాబితా అంతా అప్పగిస్తుంది. మనమంతా ఒకరికొకరం ఉత్తరాలు రాసుకుంటున్నాం, నువ్వొక్కదానివే జాడలేకుండా పోయావని కూడా అంటుంది. శారద ఇంటికొచ్చి, ఇకమీద నన్ను ఏమోయ్ గీమోయ్ అనొద్దు, శారదా అని పిలవండి అంటుంది. ఇల్లు అలక్కుండా ఎన్నాళ్ళయిందోనన్న ధ్యాస ఆవిడకి అప్పుడు లేదు.

ఈ కథని పేరు గురించిన కథగా చాలామంది మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఇది స్నేహితురాలి గురించిన కథ. పుట్టింటివాళ్ళు మనల్ని ఎరిగింది కూతురుగా, మెట్టినింటివాళ్ళు కోడలుగా. ఎవరికీ ఏమీ కాకుండా, వట్టి మనిషిగా, మార్కులతో, పాటతో, కొంటెతనంతో మనల్ని చూసినవాళ్ళు లోకంలో క్లాసువాళ్ళు మాత్రమే. సినిమావాళ్ళు ప్రేమికుడి చేతిలో పెట్టిన ఆ తాళంచెవిని సత్యవతిగారు పక్క బెంచీ అమ్మాయి చేతిలో పెట్టారు. అది ఎంత సరైన చోటో చెప్పలేను.

అలాగని కథలో నాకు కొరత లేదా అంటే, ఉంది. ఆ స్నేహితురాలు మరీ తేలిగ్గా దొరుకుతుంది, మరీ తేలిగ్గా అన్నీ గుర్తుంచుకుంటుంది. శారద పేరు శారదకి ఇచ్చి తప్పుకుంటుంది. ఆవిణ్ణి ఇంట్లో ఏమని పిలుస్తారో రచయిత్రి చెప్పరు, శారద అడగదు. వాళ్ళు రాసుకుంటున్నామన్న ఉత్తరాలున్నాయి చూడండీ, వాటిలో ఏముంటుంది? మావారు, పెద్దాడు, అమ్మాయి, మనవడేనా? ఆ కట్టలోంచి ఒక్క ఉత్తరం, పైన సంబోధన దగ్గర్నుంచి కింద సంతకం దాకా, సత్యవతిగారు కథలో పెట్టి ఉంటే బాగుండేదని నాకు చదివినప్పుడల్లా అనిపిస్తుంది. ముఖ్యంగా ఆ సంతకంలో ఇంటిపేరు ఏ అక్షరమో చూడాలని.