కేటలాగు కార్డు మీద పేరు

తెలుగు సాహిత్యంలో డాక్టరేటు తీసుకుని, ముప్పై అయిదేళ్లు దాటాక లైబ్రరీ సైన్సులో చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నానని తెలిసినప్పట్నించి నాకు రెండు రకాల సలహాలు వస్తున్నాయి. ‘‘ఇంత చదివీ పుస్తకాలు సర్దుకుంటూ కూర్చుంటావా అమ్మాయ్’’ అని నేనెంతో గౌరవించే ఒక మేడమ్ నిజమైన బాధతోనే అన్నారు. ‘‘పోన్లేవే, ఆడదానికి తగ్గ ఉద్యోగం. అరుపులూ గొడవలూ ఉండవు, అయిదింటికల్లా ఇంటికొచ్చేస్తావు’’ అని మా అమ్మ సంతోషించింది. ఎదురెదురుగా కనిపించే ఈ రెండు మాటలూ ఒకే చోట పుట్టాయి. లైబ్రేరియన్ చేసేది ఆలోచన అక్కర్లేని పని అనీ, ఇల్లు సర్దినట్టు పుస్తకాలు సర్దడమే అనీ ఇద్దరూ ఒప్పేసుకున్నారు. ఒకరికి అది నామోషీ, ఇంకొకరికి నిశ్చింత. కథనో నవలనో చదివినట్టే ఆ పనినీ విమర్శకురాలిగా చదివి చూద్దామని నా ప్రయత్నం.

నా అవసరం సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే ఇదంతా ఆదర్శం కోసమే అనుకుంటారు. ఆరేళ్లుగా గెస్ట్ ఫ్యాకల్టీగా గంటల లెక్కన పాఠాలు చెబుతున్నాను. వేసవి వస్తే జీతం ఆగిపోతుంది, జూన్‌లో మళ్లీ పిలుస్తారో లేదో ఎవరూ చెప్పరు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం యూనివర్సిటీలో అసిస్టెంట్ లైబ్రేరియన్‌కీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కీ మొదటి స్కేలు ఒకటే. కానీ అక్కడికి చేరాలంటే నా డాక్టరేటు అక్కరకి రాదు. బి.ఎల్.ఐ.ఎస్సీ, ఎం.ఎల్.ఐ.ఎస్సీ చేసి, ఆ సబ్జెక్టులో మళ్లీ నెట్ రాయాలి. ఇంతా చేశాక పోస్టులు పడతాయా అంటే, అక్కడా ఇక్కడా ఒకే ఎదురుచూపు. కాబట్టి డబ్బు లెక్క ఒక్కటే వేసుకుంటే ఈ నిర్ణయం ఎటూ తేలదు.

‘ఆడదానికి తగ్గ ఉద్యోగం’ అన్న మాటకి చరిత్ర ఉంది. మెల్విల్ డ్యూయీ 1887లో న్యూయార్క్‌లోని కొలంబియా కాలేజీలో లైబ్రరీ స్కూలు తెరిచినప్పుడు మొదటి తరగతిలో 20 మందికి 17 మంది ఆడవాళ్లే. ఆడవాళ్లని చేర్చుకోవడం ఆ కాలేజీ ధర్మకర్తలకి గిట్టలేదు, రెండేళ్లకే స్కూలు ఆల్బనీకి తరలిపోయింది. ఇంతవరకే చదివితే డ్యూయీ మన పక్షం మనిషిలాగే ఉంటాడు. చదువుకున్న ఆడవాళ్లు తక్కువ జీతానికి దొరుకుతారన్న లెక్క కూడా ఆ వృత్తి పునాదిలోనే ఉంది. ఆడవాళ్లతో అతని ప్రవర్తన గురించి బతికుండగానే ఫిర్యాదులు వచ్చాయి. అతని పేరు మీద ఇస్తున్న పతకానికి ఆ పేరు తీసేయాలని అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తీర్మానించడానికి మాత్రం 2019 దాకా పట్టింది. మన దగ్గర కథ ఇంకోలా నడిచింది. 1914లో బెజవాడలో గ్రంథాలయాల మహాసభ జరిగిన నాటి నుంచి ఉద్యమం పేరెత్తితే అయ్యంకి, గాడిచర్ల, పాతూరి అని వరసగా మగవాళ్ల పేర్లే చెప్పుకుంటాం. ఉద్యమమైతే మగవాళ్ల సేవ. ఉద్యోగమై, అందులోనూ జీతం తక్కువదైతే అది ఆడవాళ్లకి ‘తగ్గది’ అయిపోతుంది.

ఉద్యోగం మార్చుకోవాలా అని తన్నుకులాడిన వాళ్లలో ఎస్.ఆర్. రంగనాథన్ కూడా ఉన్నారు. లెక్కలు చెప్పుకునే మనిషి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి మొదటి లైబ్రేరియన్‌గా చేరి, కొద్ది రోజులకే ఆ ఒంటరి కుర్చీ పడక పాఠాలకి వెళ్లిపోతానన్నారు. లండన్ వెళ్లి అక్కడి గ్రంథాలయాలు చూసొచ్చాక గానీ మనసు కుదురుకోలేదు. 1931లో ఆయన రాసిన అయిదు సూత్రాల పుస్తకంలో రెండో సూత్రపు పాఠకుడు పుంలింగంలోనే ఉన్నాడు. అదే సూత్రం కింద ఆడవాళ్లకి పుస్తకాలు ఎందుకు అందాలో విడిగా చర్చించారు కూడా. ఈ రెండింటినీ కలిపి చదవడం ఆయన మీద గౌరవం లేక కాదు.

ఇక కేటలాగు. సిద్ధాంత వ్యాసం రాసే రోజుల్లో ఒక పాత గ్రంథాలయంలో (పేరెందుకు లెండి) రంగనాయకమ్మ నవలల కోసం కార్డుల సొరుగు లాగాను. ‘ర’ దగ్గర కొన్ని దొరికాయి. ‘బలిపీఠం’ లేదు. లేదేమో అనుకుని వెళ్లిపోయేదాన్నే, ఇంకేదో వెతుకుతుంటే ‘మ’ సొరుగులో ‘ముప్పాళ రంగనాయకమ్మ’ అని కనిపించింది. మొదట్లో ఆమె ఆ ఇంటిపేరుతోనే రాశారు. ఆ పెళ్లి నుంచి బయటికొచ్చాక ఒట్టి రంగనాయకమ్మగా మిగిలారు. అది ఆమె జీవితంలో ఎంత పెద్ద నిర్ణయమో ఈ పత్రిక చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ సొరుగుల్లో మాత్రం ఆమె ఇద్దరు మనుషులు. ఒకరి నుంచి ఇంకొకరికి దారి లేదు. పేరు మారిన రచయితని బాగా తెలిసిన పేరు కింద పెట్టి, తక్కిన పేర్ల దగ్గర ‘చూ.’ అని ఒక కార్డు ఉంచాలని కేటలాగు నిబంధన ఉండనే ఉంది. ఆ ఒక్క కార్డు ఎవరూ రాయలేదు. మగ రచయితకి ఇంటిపేరు పుట్టుకతో వచ్చి పోయేదాకా ఉంటుంది. మన పేరుకి పుట్టింటిదొకటి, అత్తింటిదొకటి, అప్పుడప్పుడూ ఏదీ వద్దనుకున్నదొకటి. తెలుగులో ఇంటిపేరు ముందుంటుంది కాబట్టి పెళ్లయితే అకారాది క్రమంలో మన స్థానమే మారిపోతుంది. ఇంతకంటే సూటిగా పితృస్వామ్యాన్ని చూపించే వాచకం నా సిద్ధాంత వ్యాసంలో కూడా లేదు.

దీనికి అటు వైపు ‘పురాణం సీత’ ఉంది. ఆ పేరుతో ‘ఇల్లాలి ముచ్చట్లు’ రాసింది పురాణం సుబ్రహ్మణ్య శర్మ. ‘బీనాదేవి’ భార్యాభర్తలిద్దరి ఉమ్మడి పేరు. స్త్రీల రచనల జాబితా తయారుచేసే లైబ్రేరియన్ వీళ్లని ఏం చెయ్యాలి? ఇల్లాలి గొంతు అరువు తెచ్చుకున్న మగవాడి పుస్తకాన్ని ఏ శీర్షిక కింద పెడతాం? సెమినార్లో అయితే ‘ఇది సంక్లిష్టమైన ప్రశ్న’ అని కూర్చోవచ్చు. కేటలాగు చేసే మనిషికి ఆ వీలు లేదు. సాయంత్రం లోపల ఏదో ఒకటి రాసి పుస్తకం షెల్ఫుకి పంపాలి.

షెల్ఫు మరీ మొండిది. పుస్తకం ఒక్క చోటే నిలబడగలదు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన ‘నల్లపొద్దు’ దళిత స్త్రీల సాహిత్యం. స్త్రీల పక్కన పెడితే దళిత సాహిత్యం కోసం వచ్చినవాళ్లకి కనబడదు, దళిత సాహిత్యం పక్కన పెడితే మన కళ్లబడదు. ఆ పుస్తకం ఎవరితో వాదిస్తోందో సరిగ్గా ఆ వాదనే షెల్ఫు దగ్గర మళ్లీ జరుగుతుంది. కానీ కేటలాగులో ఒకే పుస్తకానికి ఎన్ని శీర్షికలైనా ఇవ్వొచ్చు. ఎన్ని ఇస్తారన్నది ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఆ పుస్తకం తెరిచి చదివిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను పనిచేసిన చోట్ల ‘మహిళా సాహిత్యం’ అని రాసున్న బీరువాలో నవలల పక్కన వంటలు, ముగ్గులు, శిశుపోషణ ఉండేవి. నవ్వుకున్నాం, వ్యాసాల్లో ఎద్దేవా చేశాం. మార్చే అధికారం మాత్రం మనలో ఎవరికీ లేదు. అంతెందుకు, డ్యూయీ లెక్కలో తెలుగు సాహిత్యానికి దక్కిన 894.827 అన్న సంఖ్య చూడండి. ఇంగ్లీషుకీ ఫ్రెంచికీ తలా ఒక పెద్ద వాటా ఇచ్చాక మిగిలిన మూలలో టర్కిష్, హంగేరియన్, ఫిన్నిష్ భాషల వరసలో మనం ఇరుక్కుని ఉన్నాం. తెలుగు రచయిత్రి చిరునామా ఆ దశాంశ బిందువు తర్వాత ఇంకెక్కడో ఉంటుంది.

పత్రికల సంగతి ఇంకా అన్యాయం. భండారు అచ్చమాంబ ‘ధన త్రయోదశి’ 1902లో ‘హిందూసుందరి’లో వచ్చింది. 1910 నాటి ‘దిద్దుబాటు’నే తొలి కథగా దశాబ్దాల పాటు పాఠాలు చెప్పుకున్నాం. విమర్శకుల చూపు ఒక కారణమని మనం చాలాసార్లు రాశాం. ఇంకో కారణం చాలా మామూలుది: పత్రికల బైండు పుస్తకాలకి యాక్సెషన్ నంబరు ఉంటుంది గానీ లోపలి కథలకి సూచి ఉండదు. సూచి లేని కథ అట్ట మధ్యలోనే ఉండిపోతుంది. ఇది అందరికంటే ముందు గ్రహించి కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. అంత పెద్ద కథకుడు కథల్ని పోగుచేసి సూచి రాయడాన్ని ఎవరూ దిగజారడం అనలేదు. రిటైరైన మగ రచయిత చేస్తే తపస్సు అనీ, ముప్పైల్లో ఉన్న ఆడమనిషి చేస్తే రాజీ అనీ ఎందుకు ధ్వనిస్తుందో మా మేడమ్‌ని అడగాలనుంది.

ఆవిడ మాటలో నిజం లేకపోలేదు. లైబ్రేరియన్ చేతిలో నేను ఊహిస్తున్నంత అధికారం లేదు. పుస్తకాలు ఏవి కొనాలో కమిటీలు తేలుస్తాయి. 1960 నాటి పౌరగ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నుతో పాటు వసూలయ్యే సెస్సు జిల్లా సంస్థల దాకా చేరడమే గగనం. శాఖా గ్రంథాలయంలో పొద్దున్నే పేపర్ల బల్ల చుట్టూ మగవాళ్లే ఉంటారు, ఆడవాళ్లు వచ్చే వేళకి తాళం పడుతుంది. పైగా ఇది పేరు మిగలని పని. వ్యాసం కింద నా పేరుంటుంది, ‘చూ.’ అని రాసిన కార్డు కింద ఉండదు. తరతరాలుగా ఆడవాళ్లు చేసిన పేరులేని పనుల జాబితాలో ఇంకొకటి చేర్చడానికా ఇంత చదివాను అన్న ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆడ్రి లార్డ్ 1961లో కొలంబియాలో లైబ్రరీ సైన్సులో డిగ్రీ తీసుకుని, 1968 దాకా లైబ్రేరియన్‌గా పనిచేస్తూనే కవిత్వం రాసింది. ఆమె చేసింది కాబట్టి నేనూ చేయగలనని కాదు. రెండూ ఒకే మనిషి చేతిలో ఉండొచ్చన్నంత వరకే.

ఈ ఏడాది దూరవిద్యలో బి.ఎల్.ఐ.ఎస్సీకి దరఖాస్తు పెడుతున్నాను. పిలిచినన్నాళ్లు పాఠాలు మానను, ఈ పత్రికకి రాయడం అసలే మానను. రెండేళ్లయ్యాక పోస్టు రాకపోతే చేతిలో ఒక పని మిగలాలని ఇప్పుడే మొదలుపెట్టాను. 1950 నుంచి 1980 దాకా రాసిన స్త్రీలలో పేరు మార్చుకున్నవాళ్లందరికీ ‘చూ.’ జాబితా ఒకటి నోటుపుస్తకంలో గళ్లు గీసుకుని రాస్తున్నాను. ఇప్పటికి 63 పేర్లయ్యాయి. పుట్టింటి పేరు కోసం గీసిన గడి చాలామందికి ఖాళీగా ఉంది.