ఏడు సెకన్ల విమానం

నా మొదటి విమానం ఆయుష్షు ఏడు సెకన్లు. సంక్రాంతి వెళ్లిన రెండో రోజు, వరి కోతలైపోయిన మడిలో మా తమ్ముడు దాన్ని చేత్తో విసిరాడు. ఎడమ రెక్క కాస్త వాలింది. సరిచేద్దామని స్టిక్కు కుడికి నెట్టాను, ఇంకా వాలింది. కంగారులో చివరిదాకా నెట్టేశాను. బోర్లాపడి, గట్టులోకి ముక్కు గుచ్చుకుని ఆగింది. ఇంటికొచ్చి చూస్తే సంగతి తెలిసింది: ట్రాన్స్‌మిటర్‌లో ఒక అమరిక తిరగబడి ఉంది. నేను కుడికి అన్నప్పుడల్లా విమానం ఎడమకే తిరిగింది. పాపం, చెప్పినట్టే విన్నది! దాన్ని విసిరే ముందు నేల మీద ఓ పది సెకన్లు సరిగ్గా చూసుకుని ఉంటే ఆ సాయంత్రం ఇంకోలా గడిచేది.

రేడియో విమానాల సరదాలో ఎగరేయడం ఐదారు నిమిషాల పని. మిగతాదంతా దానికి ముందు నడిచే తతంగం. కొత్తవాళ్లకు అది విసుగు. ముదురు ఆటగాళ్లు మాత్రం ఆ తతంగాన్నే ఆటలో సగంగా చూస్తారు, వాళ్లదే సరైన లెక్క.

బొమ్మ విమానం అసలు విమానానికి నకలు అనుకుంటాం గానీ, పుట్టుకలో బొమ్మే అక్క. 1871 ఆగస్టు 18న పారిస్‌లోని ట్వీలరీ తోటలో అల్ఫోన్స్ పెనో అనే యువకుడు రబ్బరు మెలికతో నడిచే చిన్న విమానాన్ని వదిలాడు. అది 11 సెకన్లలో సుమారు 40 మీటర్లు ఎగిరింది. గొప్పతనం దూరంలో లేదు. చేత్తో పట్టుకుని నడిపేవాడు లేకుండానే అది తన తూకం తాను నిలుపుకుంది. రెక్కల కొసలు పైకి వంచాడు, వెనక తోక పెట్టాడు. ఒరిగితే దానంతటదే లేస్తుంది, ముక్కు దించితే దానంతటదే సర్దుకుంటుంది. రైట్ సోదరుల చిన్నప్పుడు వాళ్ల నాన్న తెచ్చిచ్చిన ఎగిరే బొమ్మ కూడా పెనో నమూనా మీద తయారైనదే. రేడియోతో నడపడం చాలా తర్వాతి మాట. అమెరికాలో వాల్టర్, విలియం గుడ్ అనే అన్నదమ్ములు 1937లో ఎగరేసిన ‘గఫ్’ ఆ తొలి విమానాల్లో ఒకటి. ఇప్పుడది స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

మొదటిసారి కొనేవాళ్లు చూడాల్సింది పెనో చూసిన గుణాన్నే. రెక్క విమానం ఒంటికి పైన ఉండాలి, రెండు కొసలూ కాస్త పైకి లేచి ఉండాలి. రెక్క వెడల్పుగా, మందంగా ఉంటే మెల్లగా ఎగిరినా పడిపోదు. ఒంటికి మెత్తటి ఫోమ్ మేలు, విరిగితే అతికించుకోవచ్చు. (మామూలు క్విక్ జిగురు కొన్ని రకాల ఫోమ్‌ను కరిగించేస్తుంది. ముందు చిన్న ముక్క మీద వేసి చూడండి.) మోటారు వేగం, ఎలివేటర్ (ముక్కును ఎత్తి దించే తోక పలక), రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే తోక పలక) అనే మూడు అదుపులున్న విమానం మొదటి నెలలకు చాలు. నేను చేసిన తప్పు అక్కడే మొదలైంది. అందంగా ఉందని యుద్ధవిమానం ఆకారంలో ఉన్నది కొన్నాను. యుద్ధవిమానం తీరే వేరు. ఎటు వంచితే అటే ఉండిపోతుంది, తిరిగి లేపాల్సింది మనమే. లేపడం అప్పటికి మనకు రాదు.

ఇక తూకం. కావడి మోసేవాడికి భుజం ఎక్కడ పెట్టాలో చెప్పక్కర్లేదు; విమానానికీ అలాంటి భుజం ఒకటుంటుంది. చాలా శిక్షణ విమానాలకు అది రెక్క ముందంచు నుంచి, రెక్క వెడల్పులో పాతిక నుంచి ముప్ఫై శాతం వెనక్కి ఉంటుంది. రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లయితే 5 నుంచి 6 సెంటీమీటర్లన్నమాట. తయారీదారు కచ్చితమైన కొలత ఇస్తే అదే ప్రమాణం. బ్యాటరీ లోపల పెట్టి, రెండు రెక్కల కింద ఆ గీత దగ్గర చూపుడు వేళ్లు ఆనించి ఎత్తండి. విమానం సమంగా నిలవాలి, లేదా ముక్కు వైపు రవ్వంత వాలాలి. ముక్కు బరువైతే బద్ధకంగా ఎగురుతుంది, అంతే. తోక బరువైతే మాత్రం చిన్న కదలికకే ముక్కెత్తి, తూలి, పల్టీ కొడుతుంది. చెయ్యి తిరిగినవాళ్లకు కూడా దాన్ని కాపాడటం కష్టం. సరిచేయడానికి సీసం ముక్కల కోసం పరుగెత్తక్కర్లేదు. ముందు బ్యాటరీని అంగుళమో అరంగుళమో జరిపి చూడండి. కుదిరిన చోట పెన్నుతో గీత పెట్టుకోండి.

ఆ తర్వాత, సరిగ్గా చేయక నేను విమానాన్ని పోగొట్టుకున్న పరీక్ష. విమానం వెనక నిలబడండి, దాని ముక్కు మీకు అవతలి వైపుండాలి. స్టిక్కు కుడికి నెడితే కుడి రెక్క మీది ఐలరాన్ (వెనకంచున కదిలే పలక) పైకి లేవాలి, ఎడమది దిగాలి. ఎటు నెడితే అటుది లేవాలి, ఇంతే గుర్తు. మూడు అదుపుల విమానమైతే రడ్డర్ కుడికి తిరగాలి. స్టిక్కు మీ వైపు లాగితే ఎలివేటర్ పైకి రావాలి. కదిలిందా లేదా అని కాదు, ఎటు కదిలిందని చూడాలి. నేను ఆ రోజు కదలడం చూశాను, దిక్కు చూడలేదు.

ఈ మధ్య విమానాలు తమంతట తామే తూకం సర్దుకునే జైరోతో వస్తున్నాయి. నేర్చుకునేవాళ్లకు అది మంచి తోడు, సందేహం లేదు. కానీ జైరో కూడా తిరగబడి ఉండొచ్చు. అప్పుడది వాలిన రెక్కను ఇంకా వాలుస్తుంది, అదీ మనకన్నా చురుగ్గా. కాబట్టి విమానాన్ని చేత్తో పట్టుకుని కుడి రెక్క దించండి: కుడి ఐలరాన్ కిందికి రావాలి, ఆ రెక్కను ఎత్తడానికి చేసే ప్రయత్నమది. ముక్కు దించండి: ఎలివేటర్ పైకి లేవాలి.

ప్రొపెల్లర్ గురించి ఒక లెక్క చెబుతాను. తొమ్మిదంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి పదివేల చుట్లు తిరిగితే దాని కొస వేగం గంటకు దాదాపు 430 కిలోమీటర్లు. చూడ్డానికి ప్లాస్టిక్ ముక్కే, తగిలితే కత్తి. అందుకే ఇంట్లో, బల్ల మీద చేసే పరీక్షలన్నీ ప్రొపెల్లర్ విప్పేసి చేయాలి. మైదానంలో బ్యాటరీ తగిలించిన క్షణం నుంచీ మోటారు ఆగి ఉన్నా తిరుగుతున్నట్టే లెక్క. ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి, వేగం స్టిక్కు పూర్తిగా కిందికి దించి, ఆ తర్వాతే విమానానికి బ్యాటరీ తగిలించాలి. దిగాక దీనికి తలకిందులు: ముందు విమానం బ్యాటరీ తీయాలి, చివర్న ట్రాన్స్‌మిటర్ ఆపాలి. విమానంలో కరెంటు ఉన్నంతసేపూ దాని కళ్లెం మన చేతిలో ఉండాలన్నదే ఇందులో కిటుకు.

కళ్లెం తెగితే ఏమవుతుందో కూడా ముందే చూసుకోవాలి. ప్రొపెల్లర్ తీసేసి, మోటారు నెమ్మదిగా తిప్పుతూ ట్రాన్స్‌మిటర్ ఆపేయండి. మోటారు ఆగిపోవాలి. ఆగకపోతే ఆ విమానం ఇల్లు దాటకూడదు. మైదానంలో రేంజి పరీక్ష: ట్రాన్స్‌మిటర్‌లో సిగ్నల్ బలం తగ్గించే అమరిక ఉంటుంది. అది నొక్కి, పుస్తకంలో చెప్పినంత దూరం, మామూలుగా ముప్ఫై అంగలు, నడిచి వెళ్లి స్టిక్కులు కదపండి. అక్కణ్నుంచి స్పందన తడబడితే ఆకాశంలో నమ్మలేం.

పాత తరం ఇంకో భయంతో బతికింది. అమెరికాలో 72 మెగాహెర్ట్జ్ రేడియోల కాలంలో ఒకే ఛానెల్ మీద ఇద్దరు ఆన్ చేస్తే విమానం కూలినట్టే. మైదానంలో ఒక బోర్డు, దానికి ఛానెళ్ల నంబర్లున్న క్లిప్పులు ఉండేవి. క్లిప్పు ఎవరి దగ్గరుంటే వాళ్లకే ఎగరేసే హక్కు. 2.4 గిగాహెర్ట్జ్ వచ్చాక ఆ బోర్డు అవసరం పోయింది. దాంతోపాటు వంతు కోసం ఆగే అలవాటు, ‘నేను ఆన్ చేస్తున్నా’ అని పక్కవాడికి చెప్పే అలవాటు కూడా పల్చబడ్డాయి. అది నాకు నష్టంగానే తోస్తుంది.

బ్యాటరీ విషయంలో కాస్త చాదస్తం మంచిదే. లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు, 3 వోల్టుల కిందికి దిగితే పాడైనట్టే. సెల్‌లన్నిటినీ సమంగా నింపే ఛార్జర్‌తోనే, గచ్చు నేల మీద, కళ్లెదుట ఉంచుకుని ఛార్జ్ చేయాలి, పెట్టేసి పడుకోకూడదు. 2200 మిల్లీయాంప్-అవర్ బ్యాటరీకి 2.2 యాంపియర్లు సురక్షితమైన లెక్క. ఉబ్బినదాన్ని మళ్లీ వాడకండి. వారం దాకా ఎగరేసేది లేదనుకుంటే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. మే నెల ఎండలో కారులో వదిలేయడం గురించి చెప్పక్కర్లేదు.

స్థలం ఎంపికలో మన దగ్గర వరి మడి వరం. కోతయ్యాక దుబ్బుల మీద పడితే విమానానికి దెబ్బ తక్కువ. కానీ హైటెన్షన్ తీగలు, తాటిచెట్ల వరుస, పక్కన రోడ్డు ఉంటే వద్దు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 25 కిలోలు మించకుండా, సరదాకో చదువుకో, కంటి చూపు మేరలో ఎగరేసే మోడల్ విమానాలు ఒక ప్రత్యేక తరగతి. ఆకుపచ్చ జోన్‌లో 400 అడుగుల వరకు, విమానాశ్రయం సరిహద్దుకు 8-12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. హైదరాబాద్ వాళ్లకు చిక్కు ఎక్కువ: శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఎయిర్‌ఫీల్డులు నాలుగూ ఊళ్లోనో ఊరి చుట్టూనో ఉన్నాయి. విశాఖలో నౌకాదళం రన్‌వే ఉంది. ఇంటి నుంచి బయల్దేరే ముందే ప్రభుత్వం వారి డిజిటల్ స్కై పటంలో మీ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోండి, నియమాల తాజా రూపం కూడా.

పొద్దున ఏడింటి లోపు గాలి తక్కువ. విమానాన్ని గాలికి ఎదురుగా వదలాలి, ఎదురుగానే దించాలి. గాలివాటున వెళ్లేటప్పుడు ఒక మోసం ఉంది: నేల మీద చూస్తే విమానం జోరుగా పోతున్నట్టు కనిపిస్తుంది, చెయ్యి వేగం తగ్గించేస్తుంది. రెక్కకు కావలసింది గాలిలో వేగం, నేల మీద వేగం కాదు. అది పడిపోతే రెక్క పట్టు తప్పి విమానం రాయిలా రాలుతుంది. ఇంకో మోసం విమానం మన వైపు తిరిగినప్పుడు: కుడి ఎడమలు తారుమారవుతాయి. అప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో ఆ వైపుకే స్టిక్కు నెట్టండి, పడబోయేదానికి కర్ర ఊతం పెట్టినట్టు. కంప్యూటర్ సిమ్యులేటర్‌లో పది గంటలు గడిపితే ఇది వేళ్లకు పడుతుంది, అక్కడ ఎన్నిసార్లు కూల్చినా ఖర్చు లేదు. తొలిసారి టైమర్ ఐదు నిమిషాలకు పెట్టుకుని, అది మోగగానే దించేయండి.

ఇంత చెప్పినా, పక్కన తెలిసినవాడు ఉండటానికి సాటి రాదు. రెండు ట్రాన్స్‌మిటర్లను జతచేసి, శిష్యుడు తడబడితే గురువు ఒక్క స్విచ్చుతో విమానాన్ని తన చేతిలోకి తీసుకునే ఏర్పాటు కూడా ఉంది. ఎన్.సి.సి. ఎయిర్ వింగ్ కేడెట్లకు ఏరోమోడలింగ్ శిక్షణలో భాగం, కాబట్టి మీ పిల్లల కాలేజీలో ఆ విభాగం ఉంటే అక్కడ అడగండి. ఊళ్లో ఆదివారం పొద్దున విమానాలు ఎగరేసేవాళ్లు ఉన్నా వెతుక్కుని వెళ్లండి. విమానం కొన్నాక కాదు, కొనకముందే.